గోతిక్ భాష: సంస్కృతంతో చుట్టరికం ఎంత, ఆ భాష ఏమైపోయింది?

మీరు అడిగిన దానిలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. గోత్‌లు అనే జనం మన దేశం నుంచే ఐరోపాకు వెళ్ళారనీ, వారి పేరులోని 'గో', మన గోత్రంలోని 'గో' ఒకటేననీ, వారి భాష సంస్కృతానికి బిడ్డ, ఇంగ్లీషుకూ జర్మనుకూ తల్లి అనీ ఒక వీడియోలో చెప్పారు, అందులో నిజమెంత అన్నది మొదటిది. అంత పేరు మోసిన జనమూ వారి భాషా ఏమైపోయాయన్నది రెండవది. చర్చి కట్టడాలకూ దయ్యాల నవలలకూ గోతిక్ అనే మాట ఎలా అంటుకుందన్నది మూడవది. నేను ముప్పై ఏళ్ళపాటు తులనాత్మక భాషాశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. దాదాపు ప్రతి సంవత్సరమూ తరగతిలో ఎవరో ఒకరు ఇవే అడిగేవారు కనుక కాస్త తీరుబడిగా రాస్తున్నాను. ముందుగా తేల్చి చెప్పవలసిన మాట ఒకటుంది. గోతిక్ సంస్కృతానికి బిడ్డ కాదు, ఇంగ్లీషుకు తల్లీ కాదు. సంస్కృతానికి దూరపు జ్ఞాతి, ఇంగ్లీషుకు పెదతల్లి వరస. ఆ చుట్టరికం నిజమైనదీ ఎంతో అందమైనదీ కనుకనే, దానిని ఇలా తప్పుగా చెబుతుంటే నాకు బాధ కలుగుతుంది.

మూడవ ప్రశ్నను ముందే ముగిస్తాను, ఎందుకంటే దానికీ ఆ జనానికీ నిజంగా సంబంధం లేదు. కోసుగా పైకి లేచే కమానుల కట్టడాలు పన్నెండవ శతాబ్దంలో ఫ్రాన్సులో మొదలయ్యాయి, అప్పటికి గోత్‌ల రాజ్యాలు పోయి కొన్ని వందల ఏళ్ళయింది. పదహారవ శతాబ్దపు ఇటలీలో జార్జియో వసారి వంటి వారికి ఆ పద్ధతి మోటుగా కనిపించి, రోమును కొల్లగొట్టిన అనాగరికులు తెచ్చిన పద్ధతి ఇదని రాశారు. అలా నిందగా పుట్టిన మాట పేరై నిలిచిపోయింది. తరువాత ఇంగ్లాండులో హొరేస్ వాల్పోల్ పాతకాలపు కోటలో జరిగే తన నవలకు, 1765 నాటి రెండవ ముద్రణలో, 'గోతిక్ కథ' అని ఉపశీర్షిక పెట్టాడు. దయ్యాల నవలలకు ఆ మాట అక్కడి నుంచి వచ్చింది.

ఇక ఆ మనుషుల సంగతి. తెలుగులో 'గోతులు' అని రాస్తే గొయ్యికి బహువచనం అవుతుంది కనుక గోత్‌లు అనే రాస్తాను. తమను తాము వారు ఏమనుకునేవారో ఒక గోతిక్ పంచాంగపు ముక్కలో మిగిలింది: 'గుట్-థియుద', అంటే గుట్ జనం. ఆ 'గుట్' అనేది 'పోయడం' అనే అర్థమున్న 'గియుతన్' ధాతువుకు చెందినదని పండితులలో ఎక్కువమంది భావిస్తారు. ఆ ధాతువుకు సంస్కృతంలో బంధువు గోవు కాదు, అగ్నిలో హవిస్సు పోయడాన్ని చెప్పే 'హు' ధాతువు. హోమం, ఆహుతి అనే మాటలు అందులోనుంచి వచ్చినవే. కాబట్టి గోత్రం మాట ఇక్కడ పొసగదు.

ఆరవ శతాబ్దంలో, 551 ప్రాంతంలో, కాన్‌స్టాంటినోపుల్‌లో జోర్డానెస్ అనే అతడు లాటిన్‌లో గోత్‌ల చరిత్ర రాశాడు. తమ పూర్వులు స్కాండినేవియా నుంచి మూడు ఓడలలో వచ్చారన్న ఐతిహ్యం అందులో ఉంది. ఓడల కథను అక్షరాలా నమ్మనక్కరలేదు. కానీ క్రీస్తు తరువాతి తొలి శతాబ్దాలలో వారు నేటి పోలండులోని విస్తులా నది పరిసరాలలో ఉన్నారనీ, మూడవ శతాబ్దానికి నల్లసముద్రానికి ఉత్తరాన నేటి ఉక్రెయిన్, మోల్డోవా, రొమేనియా నేలల్లో స్థిరపడ్డారనీ రోమన్ రచయితల మాటలూ తవ్వకాలలో దొరికిన వస్తువులూ చెబుతున్నాయి. భారతదేశం నుంచి వెళ్ళిన దారి ఏదీ ఇందులో లేదు. 251లో అబ్రిట్టస్ దగ్గర రోమన్ చక్రవర్తి డెసియస్‌ను యుద్ధంలో చంపినది వీరే.

యుద్ధాల వలన వీరిని దండుగానే తలుచుకోవడం అలవాటైపోయింది. వీరి ఊరి బతుకు ఎలా ఉండేదో చూడాలంటే సాబా అనే గోత్ క్రైస్తవుడి మరణ వృత్తాంతం చదవాలి. 372 నాటి సంగతి అది. గోత్ దొరలు క్రైస్తవులను వెదికి, దేవతలకు బలియిచ్చిన మాంసం తినమని బలవంతపెడుతున్న రోజులు. సాబా ఉండే పల్లెలోని వారు క్రైస్తవులు కాకపోయినా, తమ ఊరివారిని కాపాడుకోవడానికి ఒక ఉపాయం పన్నారు. బలియివ్వని మాంసాన్ని బలిమాంసమని చెప్పి అధికారుల ఎదుట తినిపిస్తే సరిపోతుందనుకున్నారు. సాబా ఆ నటనకు ఒప్పుకోలేదు. చివరకు అతడిని నదిలో ముంచి, మెడ మీద దుంగ పెట్టి అదిమి చంపారు. మతం వేరైనా ఇరుగుపొరుగును దాచుకోవాలని చూసిన ఆ పల్లె జనం మాట్లాడుకున్నది గోతిక్ భాషే.

నాలుగేళ్ళకే వారి మీద పెద్ద ఆపద వచ్చి పడింది. తూర్పు నుంచి హూణుల తాకిడికి నిలవలేక, 376లో వేలాది గోత్ కుటుంబాలు డాన్యూబ్ నది ఒడ్డున చేరి, రోమన్ సామ్రాజ్యంలోకి రానివ్వమని వేడుకున్నాయి. రానిచ్చారు గానీ అన్నం పెట్టలేదు. ఆకలితో మాడుతున్న ఆ జనానికి రోమన్ అధికారులు కుక్కలను తినడానికి ఇచ్చి, కుక్కకొకరు చొప్పున మనుషులను బానిసలుగా తీసుకున్నారనీ, అలా పోయిన వారిలో పెద్దల బిడ్డలు కూడా ఉన్నారనీ అమ్మియానస్ మార్సెల్లినస్ రాశాడు. ఆయన రోమన్ సైన్యంలో పనిచేసినవాడు, తన వారి తప్పును తానే రాసిపెట్టాడు. తిరగబడిన గోత్‌లు 378 ఆగస్టు 9న అడ్రియానోపుల్ దగ్గర చక్రవర్తి వాలెన్స్‌ను, ఆయన సైన్యంలో మూడింట రెండు వంతులను హతమార్చారు. 410లో అలారిక్ నాయకత్వాన రోమునే మూడు రోజులు దోచుకున్నారు. ఆ తరువాత ఒక పాయ విసిగోత్‌లుగా దక్షిణ ఫ్రాన్సులోనూ స్పెయిన్‌లోనూ, మరొక పాయ ఆస్ట్రోగోత్‌లుగా ఇటలీలోనూ రాజ్యాలు ఏర్పరచుకున్నారు.

ఈ యుద్ధాలు మాత్రమే ఉండి ఉంటే గోతిక్ భాష గురించి మనకు కొన్ని పేర్లు తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆ భాషను మనదాకా తెచ్చినవాడు వుల్ఫిలా అనే బిషప్పు. ఈయన కాలం సుమారు 311 నుంచి 383 వరకు. మూడవ శతాబ్దంలో గోత్‌లు నేటి టర్కీలోని కప్పదోకియా మీద పడి చెరపట్టి తీసుకుపోయిన క్రైస్తవుల సంతతివాడు. అయినా పేరు అచ్చమైన గోతిక్ పేరే. 'వుల్ఫ్స్' అంటే తోడేలు, 'ఇలా' అన్నది ముద్దుగా చిన్నచేసి చెప్పే ప్రత్యయం, కలిపితే తోడేలు పిల్ల. గ్రీకు, లాటిన్, గోతిక్ మూడింటిలోనూ ఉపదేశాలు చేసేవాడని ఆయన శిష్యుడు ఆక్సెంటియస్ రాశాడు. 341 ప్రాంతంలో బిషప్పు అయ్యాడు. ఏడేళ్ళకు తన మతం పుచ్చుకున్న వారితో సహా తరిమివేయబడి డాన్యూబ్ దాటి, నేటి ఉత్తర బల్గేరియాలోని నికోపోలిస్ పరిసరాలలో స్థిరపడ్డాడు. ఈయనదీ, తరువాత గోత్‌లందరిదీ క్రైస్తవంలోని ఏరియన్ శాఖ, అంటే కుమారుడైన క్రీస్తు తండ్రికి సమానుడు కాడని నమ్మేది. అది ఏరియస్ అనే మతగురువు పేరు మీద వచ్చిన మాట. దానికీ ఆర్య శబ్దానికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది.

వుల్ఫిలా బైబిల్‌ను గ్రీకు నుంచి గోతిక్‌లోకి అనువదించాడు. దానికి లిపిని కూడా తానే కూర్చాడు. గోత్‌లకు అంతకుముందు రూనిక్ గీతలు ఉండేవి గానీ, వాటితో ఈటెల మీదా ఉంగరాల మీదా ఒకటి రెండు మాటలు చెక్కేవారే తప్ప గ్రంథం రాసింది లేదు. వుల్ఫిలా ఎక్కువగా గ్రీకు నుంచి, కొంత లాటిన్ నుంచి, ఒకటి రెండు రూనుల నుంచి తీసుకుని 27 గుర్తుల లిపిని సిద్ధం చేశాడు. అందులో రెండు, 90, 900 అనే అంకెల కోసం మాత్రమే. ఫిలోస్టోర్గియస్ అనే చరిత్రకారుడు ఒక మాట చెప్పాడు. గోత్‌లకు యుద్ధమంటే ముందే ఇష్టమనీ, వారికి కావలసినది కళ్ళెమే గాని ముల్లుగర్ర కాదనీ తలచి, యుద్ధాల కథలు నిండిన రాజుల గ్రంథాలను వుల్ఫిలా అనువదించలేదట.

ఈ అనువాదానికి మిగిలిన ప్రతులలో ముఖ్యమైనది 'కోడెక్స్ అర్జెంతియస్', అంటే వెండి పుస్తకం. ఆరవ శతాబ్దపు తొలినాళ్ళలో, ఆస్ట్రోగోత్ రాజు థియొడొరిక్ ఏలుబడిలో, బహుశా ఇటలీలోని రవెన్నాలో తయారైంది. ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. దాని ముందు నిలబడే భాగ్యం నాకొకసారి కలిగింది. ఊదారంగు పట్టించిన పలుచని తోలు పత్రాలు, వాటి మీద వెండి సిరాతో అక్షరాలు, ప్రకరణాల మొదట బంగారు పంక్తులు. పుట అడుగున నాలుగు చిన్న కమానులు గీసి, అక్కడ చెప్పిన సంగతి మిగతా సువార్తలలో ఎక్కడుందో అంకెలతో సూచించారు. అక్షరాలు ఎంత తీరుగా ఉంటాయంటే, పద్దెనిమిదవ శతాబ్దంలో కొందరు అవి చేతిరాత కాదు, అచ్చులతో అద్దినవని వాదించారు. నిజానికి అవి ఇద్దరు లేఖకుల చేతిరాతలే. వెండి నల్లబడిన చోట పక్కకు జరిగి వెలుతురు వాలుగా పడేటట్లు చూస్తే గాని అక్షరం అందదు. నేను మొదట పట్టుకోగలిగిన మాట 'జహ్'. మన 'మరియు' వంటి మాట అది, చిన్న మాట. దానిని చదివినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ నాలో ఉంది.

ఆ పుస్తకంలో మొదట కనీసం 336 పత్రాలు ఉండేవి, ఇప్పుడు 188 మిగిలాయి. వెయ్యేళ్ళు ఎవరికీ పట్టక, పదహారవ శతాబ్దం మధ్యలో జర్మనీలోని వెర్డెన్ మఠంలో బయటపడింది. అక్కడి నుంచి ప్రాగ్‌లోని చక్రవర్తి చేతికి చేరింది. 1648లో స్వీడన్ సైన్యం దానిని యుద్ధదోపిడిలో తీసుకుపోయింది. కొంతకాలం నెదర్లాండ్స్‌లో ఉండి, 1665లో అక్కడ మొదటిసారి అచ్చయింది. ఒక స్వీడన్ ప్రభువు దానిని కొని 1669లో ఉప్సాలాకు కానుకగా ఇచ్చాడు. 1970లో జర్మనీలోని స్పెయర్ చర్చిలో మరమ్మతులు జరుగుతుండగా ఒక పత్రం విడిగా దొరికింది. పైన చెప్పిన 188లో అదీ ఒకటి. ఇంకా మిలాన్‌లో ఉన్న ప్రతులు ఎలాంటివంటే, గోతిక్ అక్షరాలను గీకివేసి, ఆ తోలు మీదే లాటిన్ గ్రంథాలు రాసుకున్నారు. చెరిగిన ఆ గీతలను 1817లో ఏంజెలో మాయి కనుగొన్నాడు. 2009లో బొలోన్యాలో మరొక అలాంటి పత్రం దొరికింది. అంటే ఈ భాషకు ఈ కాలంలో కూడా కొత్త వాక్యాలు చేరుతున్నాయి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. గోతిక్‌లో ప్రభువు ప్రార్థన ఇలా మొదలవుతుంది: 'అత్తా ఉన్సర్, థు ఇన్ హిమినమ్, వీహ్నై నమో థీన్.' ఇక్కడ 'థ' అని నేను రాసినది ఇంగ్లీషు 'థింక్' అనే మాటలో పలికే ధ్వని. మాటకు మాట చెబితే 'తండ్రీ మా, నీవు ఆకాశాలలో, పవిత్రమగు గాక పేరు నీ' అవుతుంది. తెలుగు చదువరి కన్ను వెంటనే 'అత్తా' మీదా 'నమో' మీదా ఆగుతుంది. సరిగ్గా ఈ రెండు మాటలే, భాషల చుట్టరికాన్ని ఎలా చూడాలో, ఎలా చూడకూడదో నేర్పుతాయి.

గోతిక్ 'అత్త' అంటే తండ్రి. మన అత్తకూ దానికీ సంబంధం లేదు. పసిపిల్లలు పలకగల 'అమ్మ, అప్ప, తాత, అత్త' వంటి ధ్వనుల కూర్పులు ప్రపంచంలో ఎన్నో భాషలలో వేరువేరుగా పుట్టి, ఒక్కోచోట ఒక్కో బంధువుకు స్థిరపడతాయి. టర్కిష్‌లో 'అతా' అన్నా తండ్రే. హూణుల రాజు అత్తిలా పేరు కూడా ఈ గోతిక్ మాటే కావచ్చు. 'అత్త'కు వుల్ఫిలా పేరులోని 'ఇలా' చేరిస్తే 'నాన్నగారు' అని ముద్దుగా పిలిచినట్లవుతుంది. హూణుల కొలువులో గోత్‌లు ఎందరో ఉండేవారు.

'నమో' సంగతి వేరు. ఇది మన 'నమో నమః'లోని నమో కాదు. పేరు అనే అర్థంలోని సంస్కృత 'నామన్' శబ్దానికి సాక్షాత్తు జ్ఞాతి. తెలుగు క్రైస్తవులు అదే ప్రార్థనలో 'నీ నామము' అంటారు. ఆ నామము తెలుగు సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. సంస్కృతానికీ గోతిక్‌కూ అది ఇద్దరికీ పూర్వమైన ఒక మూలభాష నుంచి వారసత్వంగా వచ్చినది. కనుక డాన్యూబ్ ఒడ్డున పదహారు వందల ఏళ్ళ కిందట పలికిన ప్రార్థనలోనూ, ఇవాళ గుంటూరు చర్చిలో పలికే ప్రార్థనలోనూ ఆ చోట ఉన్నది ఒకే మాట. రెండు వేరువేరు దారుల్లో అక్కడికి చేరింది.

ఒక మాట కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. మార్పు క్రమం తప్పకుండా జరిగితేనే రుజువు. సంస్కృతంలో 'ప' ఉన్నచోట గోతిక్‌లో 'ఫ' వస్తుంది: పాద, ఫోతుస్. 'ద' ఉన్నచోట 'త' వస్తుంది: దశ, తెహున్. 'త' ఉన్నచోట ఆ 'థింక్' ధ్వని వస్తుంది: త్రయః, థ్రీస్. 'గ' ఉన్నచోట 'క' వస్తుంది: కాడి అనే అర్థంలో యుగ, యుక్. విధవ అక్కడ విదువో, సూనుః అక్కడ సునుస్, మధ్య అక్కడ మిద్యిస్. ఈ క్రమాన్ని డెన్మార్క్ పండితుడు రాస్క్ 1818లోనూ, జర్మన్ పండితుడు యాకొబ్ గ్రిమ్ 1822లోనూ వివరించారు. దీనికి లొంగని మాటలు కొన్ని మిగిలాయి. భ్రాతృ శబ్దానికి గోతిక్‌లో 'బ్రోథర్', నియమం ప్రకారమే ఉంది. పితృ శబ్దానికి మాత్రం 'ఫాథర్' రావలసిన చోట 'ఫాదర్' వచ్చింది. దానికి కారణాన్ని 1870లలో కార్ల్ వెర్నర్ వేదసంస్కృత స్వరంలో పట్టుకున్నాడు. 'భ్రాతా'లో ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, మొదటి అక్షరం మీద ఉంది, 'పితా'లో రెండవ అక్షరం మీద ఉంది. ఆ స్వరభేదమే ఐరోపా ఉత్తరాన హల్లును మార్చింది. ఋగ్వేదపు స్వరం తెలిస్తే గాని గోతిక్ హల్లు అర్థం కాదన్న ఈ సంగతిని తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉండేది.

సంస్కృతం చదువుకున్నవారికి గోతిక్ వ్యాకరణం పరాయిగా తోచదు. 'నాకు తెలుసు' అనడానికి సంస్కృతంలో 'వేద' అనే రూపం ఉంది, బహువచనం 'విద్మ'. గోతిక్‌లో అవే 'వైత్', 'వితుమ్'. ఏకవచనంలో అచ్చు ఒకలా, బహువచనంలో ఒకలా ఉండడం రెండుచోట్లా ఒక్కటే. 'భరతి'కి 'బెరిథ్', ఆత్మనేపద 'భరతే'కి సాటిగా కర్మణి అర్థంలో 'బెరద'. 'చకార', 'జగామ' అని మొదటి అక్షరాన్ని రెట్టించే లిట్ లకారం (ఒక భూతకాల రూపం) వంటిదే గోతిక్‌లో కొన్ని క్రియలకు ఉంది: 'హైతన్' అంటే పిలవడం, 'హెహైత్' అంటే పిలిచాడు.

అన్నిటికన్న నాకు ప్రియమైనది ద్వివచనం. యోహాను సువార్త పదవ అధ్యాయంలో క్రీస్తు 'నేనును తండ్రియును ఏకమై యున్నాము' అంటాడు. మూల గ్రీకులో క్రియ బహువచనం, ఎందుకంటే ఆ కాలపు గ్రీకులో ద్వివచనం పోయింది. వుల్ఫిలా దగ్గర మాత్రం 'ఇక్ జహ్ అత్త మీన్స్ ఐన్ సియు' అని ఉంది. 'సియు' అంటే 'మేమిద్దరం ఉన్నాం', సంస్కృతంలో 'స్వః' చేసే పని. తండ్రీ కుమారుల సంబంధం గురించి మతమంతా రెండుగా చీలి వాదించుకుంటున్న రోజులలో, మూలంలో లేని 'ఇద్దరం' అనే భావం అనువాదంలో చేరింది. ఇది వుల్ఫిలా మతాభిప్రాయమని నేననుకోను. ఆయన భాష ఇద్దరు మనుషుల గురించి మాట్లాడేటప్పుడు అలా చెప్పమని అడుగుతుంది, ఆయన అలా చెప్పాడు.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదనీ ప్రకటించినప్పుడు, గోతిక్ పేరు కూడా ఆ వరసలో చేర్చాడు. ఆయన ఉద్దేశం జర్మానిక్ కుటుంబం మొత్తం. ఆ వాక్యంలోని కీలకం 'ఒకే మూలం' అన్నది. సంస్కృతం నుంచి మిగతావి వచ్చాయని ఆయన అనలేదు. ఈ శాస్త్రానికి పునాది వేసిన ఫ్రాంజ్ బాప్ గ్రంథం 1816లో వెలువడింది. అదే 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, తెలుగు తమిళ కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ చూపించాడు. తెలుగులో సంస్కృత పదాలు వేలల్లో ఉన్నా అవి తెచ్చుకున్నవే. మూడు, పది, కాలు, పేరు మనవి. వీటికి గోతిక్‌లో జ్ఞాతులు లేవు.

ఇంగ్లీషు, జర్మన్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. జర్మానిక్ భాషలు మూడు కొమ్మలు. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి పడమటి కొమ్మవి. స్వీడిష్, డేనిష్ వంటివి ఉత్తరపు కొమ్మవి. గోతిక్ తూర్పు కొమ్మది, ఆ కొమ్మ మొత్తం ఎండిపోయింది. మిగతా రెండు కొమ్మలలో 'ర'గా మారిపోయిన పాత సకారం గోతిక్‌లో అలాగే నిలిచింది. ఇంగ్లీషు 'హియర్'కు అక్కడ 'హౌస్యన్', 'మోర్'కు 'మైజ'. రోజు అనే మాట 'దగ్స్', మన 'రామః'లోని విసర్గకు సాటిగా చివర సకారంతో. ఇంగ్లీషు, జర్మన్ వాక్యాలు గ్రంథాలకెక్కడానికి మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే రాయబడింది కనుక పాతదనం దానిలో ఎక్కువ కనిపిస్తుంది. వయసులో పెద్దదైనంత మాత్రాన తల్లి కాదు.

ఇక ఆ భాష ఎలా పోయిందన్నది. ఎవరో ఊచకోత కోసి నాశనం చేయలేదు. పాలించిన చోటల్లా గోత్‌లు కొద్దిమంది, చుట్టూ లాటిన్ మాట్లాడే జనం సముద్రంలా ఉండేవారు. గోత్‌లు తమ చట్టాలను కూడా లాటిన్‌లోనే రాయించుకున్నారు. 'పేద రోమన్ గోత్‌లా నటిస్తాడు, కలిగిన గోత్ రోమన్‌లా నటిస్తాడు' అని థియొడొరిక్ అన్నట్లు ఒక పాత చరిత్రలో ఉంది. రాజు ఎరిగి చెప్పిన మాట అది. గోతిక్‌కు మిగిలిన స్థానం ఒక్కటే, గుడిలో ప్రార్థన. ఇటలీలో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సైన్యాలు 535 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు పోరాడి ఆస్ట్రోగోత్ రాజ్యాన్ని తుడిచిపెట్టాయి. స్పెయిన్‌లో రాజు రెకారెడ్ 587లో ఏరియన్ మతం విడిచి కాథలిక్ అయ్యాడు, 589 నాటి సభలో దానిని అందరి ఎదుటా ప్రకటించాడు, దానితో లాటిన్ ప్రార్థనే అందరిదీ అయింది. గుడి పోయాక గోతిక్ పుస్తకంతో ఎవరికీ పని లేకపోయింది, ఆ తోలుకు మాత్రం ధర ఉంది. మిలాన్ పత్రాల మీద గీకిన గుర్తులు ఆ సంగతే చెబుతున్నాయి.

ఆ చివరి రోజులను దగ్గరగా చూపే పత్రం ఒకటి ఉంది. 551లో రవెన్నాలోని గోత్‌ల చర్చి అప్పు తీర్చలేక తన బురద నేలను రాసిచ్చింది. దస్తావేజు అంతా లాటిన్. కింద చర్చివారు సంతకాలు చేశారు. వారిలో నలుగురు మాత్రం గోతిక్ లిపిలో, గోతిక్ భాషలో రాశారు. మొదటిది 'ఇక్ ఉఫితహరి పాపా ఉఫ్‌మేలిద హందౌ మీనై' అని మొదలవుతుంది: 'ఉఫితహరి అనే గురువునైన నేను నా చేతితో సంతకం చేశాను.' మిగతా ముగ్గురిలో ఇద్దరు 'బొకరీస్', అంటే లేఖకులు. వెండి పుస్తకం వంటివి రాసిన వృత్తివారు. యుద్ధంలో ఓడిపోతున్న తమ జనం భాషలో, ఆస్తి పోగొట్టుకుంటున్న కాగితం మీద ఆ నలుగురూ పేర్లు రాశారు.

స్పెయిన్‌లో గోతిక్ పుస్తకం ఒక్కటీ మిగలలేదు, పేర్లు మిగిలాయి. థియొడొరిక్ పేరు గోతిక్ పలుకుబడిలో 'థియుద-రీక్స్', ప్రజలకు రాజు. ఆ 'రీక్స్' కెల్టిక్ భాషల నుంచి తెచ్చుకున్న మాటే గానీ, మన రాజ శబ్దానికి జ్ఞాతి. అదే రోడ్రిగోలో చివరి భాగం. ఫెర్నాండో, అల్ఫోన్సో కూడా విసిగోత్ పేర్లే. పోర్చుగీసువారితో ఇవి మన తీరానికి వచ్చి గోవా, మంగళూరు కుటుంబాలకు ఫెర్నాండెజ్, రోడ్రిగ్స్ అనే ఇంటిపేర్లయ్యాయి. గోవాను గెలిచిన పోర్చుగీసు అధిపతి అఫోన్సో ద అల్బుకర్క్ పేరు మీదనే వచ్చిందని చెప్పే అల్ఫోన్సో మామిడిలో ఉన్న 'ఫున్స్' అనే గోతిక్ మాటకు 'సిద్ధంగా ఉన్న' అని అర్థం. గోత్‌లు మన దేశం నుంచి వెళ్ళలేదు గానీ వారి పేర్లు మన దేశానికి వచ్చాయి.

అందరికన్న ఎక్కువకాలం ఈ భాషను నిలబెట్టుకున్నవారు పడమటికి రాకుండా క్రిమియా కొండల్లో ఉండిపోయిన గోత్‌లు. అక్కడ మంగుప్ అనే కొండకోటలో, ఒక చర్చి రాళ్ళ మీద గీసిన అక్షరాలు వుల్ఫిలా లిపిలో ఉన్నాయని 2015లో ప్రకటించారు. తొమ్మిది, పది శతాబ్దాల నాటి భక్తుల గీతలవి. ఇటలీలో ఆ లిపి మాయమైన మూడు వందల ఏళ్ళకు కూడా అక్కడ దానితో కీర్తనలు రాస్తూనే ఉన్నారన్నమాట. 1475లో ఆ కోట ఒట్టోమన్ల వశమైంది. తరువాత 1560ల తొలినాళ్ళలో కాన్‌స్టాంటినోపుల్‌లో హాబ్స్‌బర్గ్‌ల రాయబారిగా ఉన్న బుస్‌బెక్ అనే ఫ్లెమిష్ పెద్దమనిషి, క్రిమియా నుంచి వచ్చిన ఇద్దరిని పిలిపించి వారి మాటలు రాసుకున్నాడు. ఆ ఇద్దరిలో గోత్‌గా పుట్టినవాడు తన భాష మరచిపోయి గ్రీకు మాట్లాడుతున్నాడు. మాటలు చెప్పగలిగినవాడు గ్రీకు సంతతివాడు, ఇరుగుపొరుగున ఉండి ఆ భాష నేర్చుకున్నవాడు.

ఆ జాబితాలో ఉన్నవి సుమారు ఎనభై మాటలు. గుడ్డుకు 'అద', చేతికి 'హంద', చంద్రుడికి 'మీనె', రోజుకు 'తాగ్'. ఒకటి నుంచి పది వరకు లెక్క జర్మానిక్‌దే. నూరుకు మాత్రం 'సాద', వెయ్యికి 'హజేర్' అని రాశాడు. హైదరాబాదు బజారులో 'హజార్' విన్నవారికి ఆ మాట కొత్త కాదు. అది చుట్టరికం వల్ల వచ్చింది కాదు, రెండుచోట్లా ఇరానీ భాషల నుంచి అరువు తెచ్చుకున్నది. వుల్ఫిలా కాలంలో గోతిక్‌కు నూరు అనే సొంత మాట ఉండేది, 'హుంద్', మన శతానికి జ్ఞాతి. పన్నెండు వందల ఏళ్ళలో సంతలో పెద్ద లెక్కలు పొరుగువారి మాటల్లోకి మారిపోయాయి, చిన్న లెక్కలూ చేయీ గుడ్డూ ఇంట్లో మిగిలాయి. ఆ మాటలు 1589లో పారిస్‌లో అచ్చయ్యాయి. వాటి చివర బుస్‌బెక్ అర్థం రాయకుండా ఒక పాట కూడా దింపుకున్నాడు, 'వర వర ఇంగ్‌దొలౌ' అని మొదలయ్యే మూడు పంక్తులు. అది గోతిక్ పాటేనా, మరో భాషదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.